దేవ్‌మాలి పొద్దు కోసం రెండు రాత్రులు

ఒడిశాలో కొరాపుట్ వైపు షూటింగ్‌కి వెళ్తున్నారా? గది ఖాయం చేసుకునే ముందే, బ్యాటరీల చార్జింగ్‌కి డబ్బు తీసుకుంటారా అని లాడ్జివాణ్ణి అడగండి. మేం అడగలేదు.

మాది రాయగడ. కాఫీ పొడి అమ్మే మా వీధి బాబాయికి నిమిషంన్నర వీడియో చేసిపెట్టాలి. హైదరాబాద్‌లో ఎల్ఈడీ గోడ ముందు, అంటే వెనక దృశ్యం వేసి చూపించే పెద్ద తెర ముందు, తీసేద్దామని ఆయన అల్లుడు పట్టుబట్టాడు. కొటేషన్ తెప్పిస్తే ఒక్క రోజుకి రూ. 2,80,000. దేవ్‌మాలి కొండకే వెళ్తే మూడు రోజులకి రూ. 1,30,000 చాలని నేను లెక్క కట్టాను. బాబాయి కొండకే మొగ్గాడు. డిసెంబరు రెండో వారంలో లక్ష్మీపూర్ మీదుగా కారులో వెళ్లాం. దారి బాగానే ఉంది.

లాడ్జి దగ్గరే వచ్చింది బాధంతా. ఫోన్లో గది రూ. 1,400 అన్నవాడు, సామాను దించాక "సీజను బాబూ, 2,200" అన్నాడు. చీకటి పడిపోయింది, ఇంకెక్కడికి పోతాం? నాలుగు గదులు తీసుకున్నాం. మొదటి రాత్రి కరెంటు పోతే జనరేటర్‌కి గదికి రూ. 300. కెమెరా బ్యాటరీ ఒక్కోదానికి రూ. 50, రాత్రికి ఎనిమిది. వేడినీళ్ల బకెట్ రూ. 40, అవి పది. బిల్లంటే నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఇచ్చాడు. రెండు రాత్రులకి రూ. 11,200 అనుకున్నది రూ. 20,000 అయింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

ఇక దేవ్‌మాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ. అయిదు సెకన్ల సూర్యోదయం కోసం రెండు రోజులూ తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. రెండు రోజులూ ట్రైపాడ్ కాళ్లు కూడా కనబడనంత మంచు. మా కెమెరామన్ మాట్లాడటం మానేశాడు. బాబాయే శాలువా కప్పుకుని "పొద్దు రాకపోతే మీరేం చేస్తారురా" అని అందరికీ టీ పోశాడు.

అల్లుడి మాటలో నిజముందని అక్కడే ఒప్పుకున్నాను. గోడ మీద పొద్దు మనం చెప్పినంతసేపు నిలబడుతుంది. కెమెరా కదిలితే వెనక కొండలూ దానికి తగ్గట్టు జరుగుతాయి. ఆ వెలుగు స్టీలు గ్లాసు మీద కూడా పడుతుంది. ఇలాంటి ముక్కకి అదే మేలు.

మూడో రోజు మంచులోనే కాఫీ తోటకి దిగాం. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఒక ముసలమ్మ పళ్లు కోస్తోంది. పచ్చివాటిని తాకకుండా, ఎర్రవాటినే రెండు వేళ్లతో మెలిపెట్టి తుంచుతోంది. ఒక పండు నొక్కి, జిగురుతో జారుతున్న రెండు గింజలు నా అరచేతిలో పెట్టింది. అదే గోడ ముందు, ఎల్ఈడీ వెలుగు ఒక్కటే పడితే ఎరుపూ, ఒంటి రంగూ సరిగ్గా రావు, ముందు నుంచి వేరే లైట్లు పెట్టాలి. పెట్టినా ఆ వేళ్లని ఎక్కణ్ణుంచి తెస్తాం? పని ఆపి మాకు చోడి (రాగి) అంబలి కూడా పోసింది. ఇక్కడివాళ్లు మండియా పేజ్ అంటారు. ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాం. మూడు రోజుల్లో మా కెమెరామన్ నవ్వింది అప్పుడే.

పొద్దు ఒక్కటే గోడ మీద తీద్దామని సగం రోజు అద్దెకి అడిగితే, ఇవ్వం అన్నారు. అందుకని వీడియోని మంచుతోనే మొదలుపెట్టాం. తెల్లటి పొగలోంచి ముసలమ్మ చెయ్యి వస్తుంది, ఎర్ర పండు మీద ఆగుతుంది.