మహా సిద్ధాంతమా, మధ్యస్థాయి సిద్ధాంతమా: సామాజిక పరిశోధనకు ఏది మేలు?

అమీర్‌పేటలో కోచింగ్ పూర్తిచేసిన యువతీయువకులకు మాదాపూర్ కంపెనీల్లో ఉద్యోగాలు ఎవరి ద్వారా దొరుకుతున్నాయన్నది హైదరాబాద్‌లో సామాజిక శాస్త్రం చదివే ఏ పరిశోధక విద్యార్థి అయినా ఎంచుకోదగ్గ ప్రశ్న. దాన్ని ఏ సిద్ధాంతంతో పరిశీలించాలన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది.

సమాజం మొత్తాన్నీ ఒకే చట్రంలో వివరించబూనిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్ మహా సిద్ధాంతం 1951 నాటికే ఒక రూపానికి వచ్చింది. కుటుంబం, బడి, మార్కెట్ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో చూపడం దాని బలం, ఆ బలాన్ని తీసిపారేయలేం. అయితే ఉద్యోగం బంధువుల వల్ల వచ్చినా, ప్రకటన చూసి వచ్చినా, రెండూ వ్యవస్థను నిలబెట్టేవేనని చెప్పగల సిద్ధాంతాన్ని ఏ సర్వే తప్పని తేల్చగలదు?

రాబర్ట్ మెర్టన్ ప్రతిపాదించిన మధ్యస్థాయి సిద్ధాంతం ఇంత దూరం పోదు. పరిమితమైన ఒక విషయాన్ని తీసుకుని, అందులో కారణం ఎలా పనిచేస్తుందో చెబుతుంది. మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వాదన ఇందుకు నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ. మనకు బాగా దగ్గరివాళ్లకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి కాబట్టి, కొత్త ఉద్యోగాల సమాచారం కొద్దిపాటి పరిచయస్తుల నుంచే వస్తుందని ఆయన అన్నారు. అమెరికాలోని న్యూటన్ పట్టణంలో పరిచయాల ద్వారా ఉద్యోగం పొందినవారిని అడిగితే, సాయపడిన వ్యక్తిని తరచుగా కలిసేవాళ్లమన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. ఆ తర్వాత యాంజియే బియాన్, ప్రభుత్వమే ఉద్యోగాలు కేటాయించిన చైనాలోని తియాన్‌జిన్ నగరంలో 1988లో సేకరించిన వివరాలతో, అక్కడ పనిచేసింది దగ్గరివాళ్లతో ఉండే గట్టి బంధాలేనని 1997లో చూపారు. అక్కడ కావలసింది సమాచారం కాదు, అధికారి పలుకుబడి. దాన్ని నమ్మకమున్న చోటే అడగగలరు. గ్రానొవెటర్ సిద్ధాంతం తన కారణాన్ని విప్పి చెప్పింది కాబట్టే, అది ఎక్కడ వర్తించదో, ఎందుకు వర్తించదో బియాన్ అంత కచ్చితంగా పట్టుకోగలిగారు. మంచి సిద్ధాంతానికి నేను పెట్టే పరీక్ష ఇదే.

సిద్ధాంతం జోలికే పోకుండా క్షేత్రంలో చూసింది చూసినట్టు రాస్తే చాలదా అని అడిగేవారూ ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటపై చేసిన అధ్యయనం, 1955లో పుస్తకంగా వచ్చింది, అటువంటి నిశితమైన వర్ణనకు ఎంత విలువ ఉందో చూపుతుంది. కానీ ఒక ఊరి వర్ణన పక్క ఊరికి ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోవాలంటే కారణం చెప్పే వాదన కావలసిందే.

కాబట్టి అమీర్‌పేట ప్రశ్నకు నేను మధ్యస్థాయి సిద్ధాంతాన్నే ఎంచుకుంటాను. ఉద్యోగం వచ్చినవారిని ఎవరు సాయం చేశారని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఆ వ్యక్తి ఖాళీ ఉందన్న కబురు చెప్పారా, లేక లోపలివారికి సిఫార్సు చేశారా అన్నది ప్రశ్నావళిలో విడిగా అడగాలి. సిఫార్సు చేసినవారిలో బంధువులు, సొంత ఊరివాళ్లు ఎక్కువగా తేలితే, హైదరాబాద్‌కు న్యూటన్ కంటే తియాన్‌జిన్ వివరణే దగ్గరవుతుంది.