నాలుగున్నర వేలిచ్చి బంపర్లకి టైర్ పాలిష్ పూయించుకున్నాను, మీరు జాగ్రత్త

ఇప్పుడే ఆ షాపు నుంచి ఇంటికొచ్చాను. చేతులకంటిన నలుపు ఇంకా వదల్లేదు. కోపం తగ్గాక రాద్దామనుకుంటే బద్ధకం వస్తుంది, అందుకే ఉన్నపళంగా రాస్తున్నా.

షాపు పేరు రాయను. హైదరాబాద్‌లో కార్ల రీల్స్ చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తెల్లగా పాలిపోయిన బంపరు మీద స్పాంజితో ఒక్క గీత గీస్తే నిగనిగలాడుతుంది చూశారా, ఆ బాపతే. నేనూ అదే చూసి పడ్డాను.

బండి తెల్ల బ్రెజా, 2016ది. అపార్ట్‌మెంట్లో సెల్లార్ దొరక్క ఏళ్ళ తరబడి ఆరుబయటే ఉంది. పడమటి ఎండ తగిలే పక్క క్లాడింగు (డోర్ల కింది అంచున ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీలు), టైర్ల పైనుండే వీల్ ఆర్చులు, వెనక బంపరు కింది భాగం సున్నం కొట్టినట్టయ్యాయి. గోడ వైపున్న రెండో పక్క మాత్రం ఇంకా నల్లగానే ఉంది. పెయింట్ వెయ్యని ఈ ప్లాస్టిక్ చాలా బళ్ళలో పాలీప్రొపిలీనే. ఎండలోని యూవీ కిరణాలకి దాని పైపొర చిట్లి పొడిబారుతుంది. పైన నల్లరంగు పూస్తే కుదిరే జబ్బు కాదు. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసే వెళ్ళాను, అదీ నా తెలివి.

గురువారం ఖమ్మంలో మేనకోడలి పెళ్ళి. బండి కాస్త మనిషి రూపానికి వస్తే బాగుంటుందనుకున్నా. ‘సిరామిక్ ట్రిమ్ కోటింగ్, రెండేళ్ళ వారంటీ’ అన్నాడు ఓనరు. ట్రిమ్ అంటే ఈ నల్ల ప్లాస్టిక్కే, దాని మీద గట్టిపడి నిలిచే పూత అన్నమాట. 5,500 చెప్పి, బేరమాడితే 4,500కి దిగాడు. వెయ్యి తగ్గించానని ఆ పూటంతా నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. టీ బాగుంది. ఆ షాపులో అసలు సరుకు అదొక్కటే.

గంటంపావులో బండి అప్పజెప్పారు. అక్కడే అనుమానం రావాలి. సిరామిక్ అంటే ముందు బ్రష్షుతో మురికంతా వదలగొట్టాలి, ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి, పూశాక కనీసం ఒక రోజు నీళ్ళు తగలకుండా ఆరనివ్వాలి. అడిగాను కూడా: ‘ఇవాళ మబ్బుగా ఉంది, తీసుకెళ్ళొచ్చా?’ అని. ‘బేఫికర్ తీస్కపోండి సార్, వాన పడ్డా ఏం గాదు’ అన్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇదంతా ఆదివారం జరిగింది. నిన్న సాయంత్రం ఒక్క జల్లు పడింది, అరగంట కూడా లేదు. పొద్దున్న కిందికి దిగి చూస్తే సైడ్ మిర్రర్ల కింది నుంచి తెల్ల డోర్ల మీదకి నల్లటి చారలు, అప్పగింతల్లో పెళ్ళికూతురి కాటుక కారినట్టు. క్లాడింగు మచ్చలు మచ్చలుగా మళ్ళీ తెల్లబడింది. మా ఆవిడ వేలితో ఒకసారి రుద్ది, వాసన చూసి, ‘దీనికి నాలుగున్నర వేలా? కొబ్బరినూనె రాసుకున్నా ఇంతకంటే రెండ్రోజులు ఎక్కువ ఉండేదిగా’ అంది. సమాధానం లేదు నా దగ్గర.

సరే, షాపుకి వెళ్ళాను. ఓనరు కుర్చీలోంచి లేవలేదు. మొన్న ‘రండి సార్, కూర్చోండి సార్’ అన్న మనిషే. ఫోన్లోంచి తలెత్తి చారలు చూశాడు, చూసి అన్నాడు:

‘వానలో తిప్పిన్రా సార్?’

ఒక్క నిమిషం నాకు మాట రాలేదు. కారు బయట వేసే కోటింగు. రెండేళ్ళ వారంటీ. వానలో తిప్పానా అట! లేదండీ, వానొస్తే బండిని ఇంట్లోకి తెచ్చి బీరువాలో పెట్టాలని తెలియదు నాకు. ‘వాన పడ్డా ఏం కాదని మీరే అన్నారుగా’ అంటే ‘నేనట్ల అనలే’ అన్నాడు. అక్కడే నిలబడ్డ కుర్రాడు తల దించుకున్నాడు. పాపం ఆ రోజు వాడూ విన్నాడు.

అరిచాను. నలుగురు చూశారు. అప్పుడు ఓనరు తీరిగ్గా ‘పదేండ్ల బండికి ఇంతకన్నా ఏమొస్తది సార్, కొత్తది కొనుక్కోండి’ అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఈ మాటకి ఇంకా ఒళ్ళు మండుతోంది. ఆ పదేళ్ళ బండి చూసేగా డబ్బు తీసుకున్నావు!

వెళ్ళిపోతూ షెడ్డు మూల చూస్తే ఐదు లీటర్ల క్యాన్, మీద టైర్ బొమ్మ. మూత తీసి వాసన చూశాను. అదే. నా సిరామిక్ అదే. బిల్లు తీసి చూస్తే ‘వాష్ అండ్ పాలిష్’ అని ఉంది. కోటింగ్ అనే మాటే లేదు, వారంటీ సంగతి ఎక్కడా లేదు. డబ్బు కట్టేటప్పుడు చదవలేదు. టీ తాగుతున్నాను కదా.

ఇంకొకటి. ఆ రోజు వెనక బంపరు దగ్గర కుర్రాడు వేడిగాలి ఊదే హీట్ గన్ పట్టుకున్నాడు. ఆరబెడుతున్నాడేమోలే అనుకున్నాను. ఇప్పుడు కడిగి చూస్తే అరచేయంత మేర ఆ గరుకు డిజైను కరిగి నున్నగా మెరుస్తోంది. వేడి పెడితే కాసేపు నల్లబడుతుంది, నిజమే, కానీ ఈ ప్లాస్టిక్ 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఆ గన్ 500 దాకా పోతుంది. చారలైతే కడిగితే పోతాయి. ఇది పోదు.

బిల్లులో కోటింగ్ మాట లేకపోయినా 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను, చూద్దాం.

మీరు చేయించుకునేటట్టయితే సీలున్న సీసా మీ ముందే తెరవమనండి, కోటింగ్ పేరు బిల్లు మీద రాయించుకోండి, హీట్ గన్ కనిపిస్తే బండి తీసుకుని వచ్చేయండి. పూర్తిగా ఆరాక తెల్లగుడ్డ తడిపి రుద్దండి, నలుపు అంటితే అది కోటింగ్ కాదు. గంటలో ఇచ్చేస్తామంటే వద్దనండి. అంతే, ఇంకేం గుర్తు రావడం లేదు.

డోర్లు కడుగుదామని బకెట్ తీశాను. మళ్ళీ మబ్బు పడుతోంది.