బేకర్ స్ట్రీట్ జర్నలా, లండన్ జర్నలా? ఒక్కటే తెప్పించుకోవాలంటే ఏది మేలు?

వింటర్ సంచికల టైం దగ్గర పడుతోందంటే చాలు, షెర్లాక్ హోమ్స్ పిచ్చి ఉన్న మనవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న. "ఒక్కదానికే డబ్బులు పెట్టగలం అండీ, అమెరికా వాళ్ళ బేకర్ స్ట్రీట్ జర్నల్ కట్టమంటారా, లండన్ సొసైటీ వాళ్ళ షెర్లాక్ హోమ్స్ జర్నల్ కట్టమంటారా?" అని. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి చెప్పేస్తే ఓ పనైపోతుంది.

ఆట సంగతి మీకు తెలుసనే అనుకుంటున్నా. హోమ్స్ నిజంగా బతికిన మనిషి, కథలు రాసింది అతని స్నేహితుడు డాక్టర్ వాట్సన్, అసలు రచయిత కానన్ డాయల్ ఆ కథల్ని అచ్చుకి పంపే ఉత్త ఏజెంటు అనుకోవాలి. అలా అనుకుని ఆ 56 కథల్లో, నాలుగు నవలల్లో ఉన్న లొసుగులన్నిటికీ సీరియస్‌గా మొహం పెట్టి జవాబులు వెతకాలి. వాట్సన్‌కి గుండు తగిలింది భుజానికా కాలికా అన్న పాత పంచాయితీ దగ్గర్నుంచి అన్నీ ఇందులోకే వస్తాయి. రెండు పత్రికలూ ఈ ఆట మీదే బతుకుతున్నాయి కాబట్టి తేడా అక్కడ వెతకొద్దు.

పైపైన చూస్తే లెక్క ఈజీగానే ఉంటుంది. బేకర్ స్ట్రీట్ జర్నల్ 1946లో మొదలైంది, ఏడాదికి నాలుగు సంచికలు, పైన ఒకే సబ్జెక్టు మీద క్రిస్మస్ యాన్యువల్. లండన్‌ది 1952 నుంచి, ఏడాదికి రెండే, సమ్మర్‌కి ఒకటి వింటర్‌కి ఒకటి. నాలుగు పెద్దదా రెండు పెద్దదా అంటే చిన్నపిల్లాడైనా చెప్తాడు, కానీ నేను ఆ లెక్క చూసి తీసుకోమనను. పోస్టేజీ లెక్క కూడా ఎవరికి వాళ్ళు చూస్కోండి, అది మారిపోతూనే ఉంటుంది. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: సంచిక చేతికొచ్చాక, అక్కడ లేని మనిషికి అందులో ఎంత మిగులుతుంది?

లండన్ సొసైటీ పుట్టిందే ఒక ఎగ్జిబిషన్ సందడిలో. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ జరిగినప్పుడు సెయింట్ మేరిల్‌బోన్ లైబ్రరీ వాళ్ళు బేకర్ స్ట్రీట్ 221బిలో హోమ్స్ ఉండే గదిని అచ్చు కథల్లో ఉన్నట్టే కట్టి చూపించారు (ఆ గది ఇప్పటికీ నార్తంబర్లండ్ స్ట్రీట్‌లో షెర్లాక్ హోమ్స్ అనే పబ్బులో ఉంది), ఆ ఏడే సొసైటీ మొదలైంది. అందుకేనేమో వాళ్ళకి నలుగురు కలవడం అంటే ప్రాణం. డిన్నర్లు, ఊళ్ళు తిరగడాలు, 1968లో అయితే విక్టోరియా కాలం బట్టలేసుకుని స్విట్జర్లాండ్ పోయి రైహెన్‌బాఖ్ జలపాతం దగ్గర హోమ్స్, అతని బద్ధశత్రువు మోరియార్టీల కుస్తీ ఆడి చూపించారు. వ్యాసాలూ రివ్యూలూ ఎలాగూ ఉంటాయి గానీ జర్నల్‌లో ఈ కలయికల ముచ్చట్లకి కూడా బాగా చోటు పోతుంది, ఎవరు టోస్ట్ చెప్పారు ఎవరు ఏం మాట్లాడారు అని. వెళ్ళొచ్చిన వాళ్ళకి అది పెళ్ళి ఆల్బమ్, గుంటూర్లో కూర్చుని చదివే మనకి ఎవరి మొహమూ తెలీదు. పేజీ తిప్పేస్తాం.

అయినా అందులో నాకు ఇష్టమైన మూల ఒకటుంది, ఉత్తరాల శీర్షిక, పేరు విగ్మోర్ స్ట్రీట్ పోస్ట్‌బ్యాగ్. వాట్సన్ బూటుకంటిన ఎర్రమట్టి చూసి అతను ఏ పోస్టాఫీసుకి వెళ్ళొచ్చాడో హోమ్స్ చెప్పేస్తాడు చూడండి, ఆ పోస్టాఫీసే. లండన్ సంచిక ఎవరిదైనా చేతికి దొరికితే నేను ముందు తీసేది ఆ పేజీలే.

ఇక బేకర్ స్ట్రీట్ జర్నల్. దీని వెనకున్న అమెరికా హోమ్స్ అభిమానుల సంఘం బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్‌లో చేరాలంటే వాళ్ళే పిలవాలి, మనం అప్లికేషన్ పెడితే కుదరదు, జనవరిలో న్యూయార్క్‌లో వాళ్ళ డిన్నర్ జరుగుతుంది, అదీ పిలుపు ఉన్నవాళ్ళకే. వినడానికి వీళ్ళే మరీ గిరిగీసుకుని కూర్చున్నట్టుంటారు. పత్రిక మాత్రం ఎవరైనా కట్టుకోవచ్చు, పైగా చిత్రం ఏంటంటే బయటివాడికి ఎక్కువ మిగిలేది ఇందులోనే, ఎందుకంటే సంచికలో సింహభాగం వాదనలే. వాదన చదవడానికి న్యూయార్క్‌లో ఉండక్కర్లేదు, కథ గుర్తుంటే చాలు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఆ మచ్చల పట్టీ పాము కథ (ది స్పెకిల్డ్ బ్యాండ్) అందరికీ తెలిసిందే, సవతి కూతుళ్ళని చంపడానికి డాక్టర్ రాయ్‌లాట్ పాముకి పాలు పోసి, ఈల వేస్తే తాడు పట్టుకుని వెనక్కొచ్చేలా ట్రైనింగ్ ఇస్తాడు, అది ఇండియాలోకెల్లా విషపు పాము, పేరు స్వాంప్ ఆడర్ అంటాడు హోమ్స్. మన దగ్గర తాచు ఉంది, కట్లపాము ఉంది, రక్తపింజరి ఉంది, ఈ స్వాంప్ ఆడర్ ఎక్కడా లేదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకి పాలు తాగడం కొత్తగా అనిపించదు గానీ పాములవాళ్ళని అడిగితే వాళ్ళూ నవ్వుతారు, ఇక ఈల సంగతి చెప్పనే అక్కర్లేదు, పాముకి పైకి కనపడే చెవే లేదు. 1948లో లారెన్స్ క్లౌబర్ అనే ఆయన ఇదే జర్నల్‌లో దీని మీద వ్యాసం రాశాడు. ఆయనేమీ సరదాకి పాముల గురించి చదివిన మనిషి కాదు, అమెరికాలో ర్యాటిల్ స్నేక్‌ల మీద పేరున్న శాస్త్రవేత్త. ఆయన తేల్చిందేంటంటే అది పాము కాదు, తాచుకీ గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లికీ పుట్టిన సంకరజాతి, బల్లి పోలిక కాబట్టి ఈల వినడానికి చెవులున్నాయి, తాడు ఎక్కడానికి కాళ్ళున్నాయి. దానికి లాటిన్‌లో శాస్త్రీయ నామం కూడా పెట్టేశాడు! ఈ మొహం చెదరని అబద్ధం కోసమే నేను మూడు నెలలూ ఎదురుచూస్తాను, వచ్చేలోపు ఏదో ఒక కథ మళ్ళీ తిరగేసి నా లొసుగు నేను పట్టుకుని పెట్టుకుంటాను, వాళ్ళు దాన్ని ముట్టుకుంటారా లేదా చూద్దాం అని.

ఇబ్బందులు లేవని కాదు. కొన్ని వ్యాసాలు ఫుట్‌నోట్ల బరువుకి కుంగిపోయి ఉంటాయి, ఏ కథలో ఏ ముక్క ఎక్కడుందో మీకు కంఠతా వచ్చనే ధీమాతో రాస్తారు. పోయినవాళ్ళ మీద నివాళి పేజీలూ ఉంటాయి, మనకి ఆ పేర్లు తెలీవు, కానీ వాటిని మాత్రం నేను దాటెయ్యను, ఒక మనిషి బతుకంతా ఒకే డిటెక్టివ్ వెనక తిరిగితే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. మొదటిసారి కట్టేవాళ్ళు డిసెంబర్ వైపు చూడండి, క్రిస్మస్ యాన్యువల్ ఒక్కటే చందా గిట్టుబాటు చేసేస్తుంది.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి, టొరంటోలో బూట్‌మేకర్స్ అనే హోమ్స్ అభిమానుల సంఘం వాళ్ళ కెనేడియన్ హోమ్స్ ఉంది, సిడ్నీ వాళ్ళ పాసెంజర్స్ లాగ్ ఉంది. అక్కడ చుట్టాలుంటే తెప్పించుకోండి, లేకపోతే తొందరేం లేదు.

షెర్లాక్ హోమ్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ళ ఈ-పత్రిక వేరే లెక్క. పేరు ప్రొసీడింగ్స్ ఆఫ్ ది పాండిచ్చేరి లాడ్జ్, ఆగ్రా నిధి కథలో (ది సైన్ ఆఫ్ ఫోర్) షోల్టో వాళ్ళ ఇంటి పేరు అది. దీనికి చందా లేదు కాబట్టి పై రెండింటితో పోటీయే లేదు, ఏది కట్టినా ఇది పక్కన ఉండాల్సిందే. చదవడం కంటే రాయాలని ఉన్నవాళ్ళయితే ముందు ఇక్కడే మొదలెట్టండి.

కాబట్టి లండన్ వెళ్ళొచ్చే అలవాటున్నా, అక్కడ పిల్లలున్నా లండన్ సొసైటీలో చేరండి, జర్నల్ మెంబర్‌షిప్‌తోనే వస్తుంది, ఆ డిన్నర్ ముచ్చట్లలో రేపు మీరూ ఉండొచ్చు. మిగతా అందరికీ నా ఓటు బేకర్ స్ట్రీట్ జర్నల్‌కే. నా వరకు ఇప్పుడు ఒకటే కోరిక, మోరియార్టీ కుడిభుజం కల్నల్ మోరన్ ఇండియా రోజుల మీద వాళ్ళు ఒక యాన్యువల్ వెయ్యాలి. హోమ్స్ ఫైల్లో మోరన్ పక్కన అతను పనిచేసిన రెజిమెంట్ ఫస్ట్ బెంగళూరు పయనీర్స్ అని రాసుంటుంది, మద్రాసు సైన్యంలో పయనీర్ (సైన్యానికి దారులు వేసే) రెజిమెంట్లు నిజంగానే ఉండేవి, ఆ పాత రికార్డులు కెలికే ఓపిక మనలో ఎవరికైనా ఉంటే వ్యాసం మనమే పంపొచ్చు.