నూతి పూడిక: కాలువలు కట్టేశాకా, వానలు వెళ్లాకా? ఏది మేలు?

గోదావరి డెల్టాలో ఇంటి నుయ్యి ఉన్నవాళ్లకు ఏడాదిలో రెండుసార్లు పూడిక తీయించాలన్న ఆలోచన వస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలై, కాలువలకు నీళ్లు ఆపి కట్టేసి, చేద అడుగు తగిలే రోజుల్లో ఒకసారి. వానలూ వరదా వెళ్లాక నీళ్లు చేతికందేంత పైకొచ్చి, రంగు మారి, పసరు వాసన కొట్టేటప్పుడు ఇంకోసారి. రెండుసార్లూ మనుషులను పెట్టి చేయించే వీలు అందరికీ ఉండదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పూడిక తీయించడమంటూ ఉంటే వేసవిలోనే. వానలయ్యాక పూడిక జోలికి వెళ్లకుండా నీటిని శుద్ధి చేసుకోవాలి. ఈ ఏడాది రెండింట్లో ఒక్కటే చేయగలమనేవాళ్లు వానల తర్వాతి పనినే చేయాలి. అడుగున జానెడు మట్టి ఇంకో ఏడాది ఉన్నంత మాత్రాన ఎవరికీ వాంతులు, విరేచనాలు పట్టుకోవు. వరద నీరు దిగిన నూతి వల్ల పట్టుకుంటాయి.

మన నూతుల తీరే వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైనప్పటి నుంచి ఇక్కడి భూగర్భ జలం వాననే కాకుండా కాలువనూ వరిచేలనూ నమ్ముకుని ఉంది. మెట్టలో నూతి మట్టం వానను బట్టి మారుతుంది. ఇక్కడ కాలువ కట్టేసిన కొద్ది రోజులకే ఊట సన్నగిల్లుతుంది, నీళ్లు వదలగానే మళ్లీ లేస్తుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నీరు బాగా దిగి ఉంటుంది. తోడాల్సిన నీరు తక్కువ, అడుగు కనిపిస్తుంది, ఒరల (నూతి గోడగా ఒకదానిపై ఒకటి దించిన గుండ్రటి చుట్ల) మధ్య సందులు, వేళ్లు దూరిన చోట్లు, పాచి పట్టిన గోడ అన్నీ వెలుగులోకి వస్తాయి. సందులకు సిమెంటు పూయాలన్నా ఇదే అదను. నష్టమూ ఉంది. ఎండలు మండే రోజుల్లో ఒకటి రెండు రోజులు ఇంటికి నూతి నీరు ఉండదు, కాలువలోనూ ఉండదు. ముందురోజే గాబులూ డ్రమ్ములూ నింపుకోవాలి.

వేసవి పనిలో అసలు ప్రమాదం వేరొకటి. దిగినవాళ్లు పైకి చూసి, "ఎలాగూ దిగాం కదండీ, ఇంకో ఒర దించేద్దాం, నీళ్లకు లోటుండదు" అంటారు. వాళ్లు మంచికే చెబుతారు. రావులపాలెం, తణుకు వైపు అది చెల్లవచ్చు. అంతర్వేది, సఖినేటిపల్లి, నరసాపురం లాంటి సముద్రం దాపు ఊళ్లలో మాత్రం ఒప్పుకోకండి. అక్కడ మంచినీరు ఉప్పునీటి మీద పలుచగా తేలి ఉంటుంది. ఉప్పునీరు బరువు కాబట్టి కింద ఉంటుంది. ఒకే తీరు ఇసుక నేలలో, మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు పైన ఉంటే ఉప్పు సుమారు 40 మీటర్ల కింద అణిగి ఉంటుందని శాస్త్రం లెక్క. అంటే పైన ఒక అడుగు పోతే కింద ఉప్పు ఎన్నో అడుగులు లేచే వీలుంది. నీళ్ల కోసం లోతు పెంచితే ఆ ఉప్పుకు మనమే ఎదురెళ్లినట్టు. చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నచోట ఈ భయం రెట్టింపు. కాబట్టి మట్టి తీయండి, అసలు అడుగు తగలగానే ఆపేయండి.

వానల తర్వాత పూడిక తీయించడానికి చెప్పే కారణం న్యాయంగానే కనిపిస్తుంది: బురద ఇప్పుడే చేరింది, ఇప్పుడే తీసేద్దాం. కానీ కార్తీకంలో నూతి చుట్టూ నేల నీళ్లతో ఉబ్బి ఉంటుంది. లోపలి నీరు ఒక్కసారిగా తోడేస్తే బయటి ఒత్తిడికి ఎదురు ఉండదు. అడుగు నుంచి ఇసుక ఊటతో పాటు పొంగుతుంది, ఒరలు పక్కకు ఒరుగుతాయి, ఒక్కోసారి కూలిపోతాయి. మన ఒండ్రు, ఇసుక నేలల్లో ఇది ఊహ కాదు. లోపల మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తోడినకొద్దీ ఊరుతుంటుంది గనుక పనీ తెమలదు. 1986 ఆగస్టులోనూ 2022 జులైలోనూ వచ్చినట్టు గోదావరి ఊళ్లమీద పడి నుయ్యి మునిగినా ఇదే మాట: చుట్టూ వరద నీరు తగ్గేదాకా ఆగి, కొంచెం కొంచెంగా తోడాలి.

తోడటానికి మోటారా, చేదలా? పని తొందరగా తెమలాలంటే మోటారే. ఇసుక నేలలో నిదానంగా తోడటం మేలు కనుక చేదలతో తోడిస్తే నూతికి మంచిది. ఖర్చు ఎక్కువవుతుంది. మధ్యే మార్గంగా, మోటారుతో సగం తీసి, కాసేపు ఆపి, ఒరల వైపు ఒక కన్నేసి మళ్లీ తీయించవచ్చు. ఆయిల్ ఇంజన్‌ను మాత్రం నూతిలోకి దించనివ్వకండి. దాని పొగ లోపలే నిలిచి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. దిగేముందు తాడుకు కట్టిన దీపం దించి చూడటం మంచి అలవాటే. ఆరిపోతే దిగకూడదు. ఆరకపోయినంత మాత్రాన అంతా బాగుందని కాదు, పొగలోని విషవాయువు దీపానికి తెలియదు. వేపమండలు దించి గాలి ఆడించాలి, దిగే మనిషి నడుముకు తాడు ఉండాలి, పైన ఇద్దరు కదలకుండా నిలబడాలి. ఈ జాగ్రత్తలకు ఒప్పుకోనివాళ్లతో పని చేయించకండి, ఎంత చవకగా వచ్చినా.

ఇక వానల తర్వాతి శుద్ధి. సున్నం వేయడం మన ఊళ్లలో పాత పద్ధతి. నీరు తేరుకున్నట్టు కనిపిస్తుంది. క్రిములు చావాలంటే తాగలేనంత సున్నం పోయాలి. పర్మాంగనేట్ వేస్తే నీరు రంగు తేలుతుంది, నమ్మదగిన శుద్ధి జరగదు. చిల్లగింజ, పటిక బురదను అడుగుకు దించుతాయి, అంతవరకే. నా ఓటు బ్లీచింగ్ పౌడరుకే. మంచి సరుకైతే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. నూతి వెడల్పును వెడల్పుతో, దాన్ని నీటి లోతుతో, దాన్ని 3.14తో హెచ్చించి 4తో భాగించాలి. అన్నీ మీటర్లలో ఉంటే ఘనపు మీటర్లు వస్తాయి, ఒక్కో ఘనపు మీటరు వెయ్యి లీటర్లు. 1.2 మీటర్ల ఒర, 3 మీటర్ల నీరు ఉంటే సుమారు 3,400 లీటర్లు, అంటే ఎనిమిదిన్నర గ్రాముల పొడి. దాన్ని బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట మాత్రమే నూతిలో కలపాలి. అడుగున మిగిలిన సున్నం పోస్తే నీళ్లలో కాఠిన్యం పెరుగుతుంది. రాత్రి అందరూ తోడుకున్నాక వేస్తే తెల్లవారేసరికి పని పూర్తవుతుంది. నూతి నీళ్లు ఎర్రబడితే కంగారు పడకండి, నీటిలో ఇనుము ఉన్నచోట క్లోరిన్ తగలగానే అది తుప్పు రంగులో బయటపడుతుంది. మూత తీసి ఎన్నాళ్లో మూలన ఉన్న పొడికి సత్తువ ఉండదు, కొత్తది కొనండి.

వరద నీరు దిగిన నూతికి ఈ మోతాదు చాలదు. ముందు తోడి, గోడలు రుద్ది కడిగి, చాలా రెట్లు ఎక్కువ వేసి, రాత్రంతా ముట్టకుండా వదిలి, మర్నాడు వాసన పోయేదాకా పారబోయాలి. ఎంత వేయాలో ఊరి ఆరోగ్య కార్యకర్తను అడిగి వేయండి. ఆ తర్వాత కొన్నాళ్లు తాగే నీరు కాచుకోవాలి. దోమలకని గంబూసియా చేపలు వదిలిన నుయ్యి అయితే ఎక్కువ మోతాదుకు అవి చచ్చిపోతాయి. ముందే గాబులోకి తీసుకుని, వాసన పూర్తిగా పోయాక మళ్లీ వదలాలి.

డబ్బు కొంచెం మిగిలితే దాన్ని నూతి లోపల కాకుండా పైన పెట్టండి. చుట్టూ మీటరు వెడల్పున పగుళ్లు లేని చప్టా, వాడిన నీరు దూరంగా పోయే కాలువ, మోకాలికి మించిన గట్టు, కొబ్బరాకులూ మట్టలూ పడకుండా వల. మరుగుదొడ్డి గొయ్యి నూతికి 15 మీటర్ల దూరంలో ఉండాలి. కోనసీమ ఇరుకు స్థలాల్లో అంత దూరం దొరకదు. అలాంటి నూతి నీటిని ఎన్నిసార్లు శుద్ధి చేసినా తాగడానికి వాడకపోవడమే మంచిది, గిన్నెలకూ మొక్కలకూ ఉంచుకోవాలి.

పూడిక తీసే చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. కాలువలు కట్టేసే తేదీ తెలియగానే వాళ్లతో మాట్లాడుకోండి, మే నెలాఖరు దాకా ఆగితే జూన్‌లో నీళ్లు వదిలేలోపు వంతు రాదు.