టెయిల్‌గేట్ లాచ్ దగ్గర రేకు చిరిగితే వెల్డింగ్ మేలా, లోపల ప్లేటు మేలా?

పాత పికప్ టెయిల్‌గేట్ (వెనక డోర్) లాచ్, అంటే డోర్ మూసినప్పుడు పట్టుకునే కొక్కెం, దాని బోల్టుల చుట్టూ రేకు చిరిగింది, బోల్టు పట్టట్లేదు, ఏం చేయించాలి అని అడిగేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే మొత్తం రాసేస్తున్నా. లాచ్ ఎలా ఊడదీయాలి, రాడ్ క్లిప్పు ఎలా తీయాలి లాంటివి మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

ముందు ఒక పని చేయండి. బోల్టు విప్పి వాషర్ కింద చూడండి. పెయింట్ అరిగిపోయి తళతళలాడే రింగు, దాని చుట్టూ కాఫీ పొడిలా సన్నటి తుప్పు కనిపిస్తే లాచ్ ఎప్పట్నుంచో లూజుగా ఆడుతోందని అర్థం. అలా ఆడీ ఆడీ రేకు అలిసిపోయి బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకలా పగులు మొదలవుతుంది, తర్వాత బరువుతో డోర్ దబదబా వేసిన ప్రతిసారీ ఇంకాస్త పాకుతుంది. లాచ్ ఆడటానికి కారణం మాత్రం చాలాసార్లు లాచ్‌లో ఉండదు. కింద బందుల బుష్‌లు అరిగిపోయి డోర్ కిందకి దిగుతుంది, లేదా డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు స్టాపర్లు గట్టిపడిపోయో ఊడిపోయో ఉంటాయి, దాంతో గతుకుల్లో డోర్ వణుకుడంతా లాచ్ మీదే పడుతుంది. అది సరిచేయకుండా ఎంత మంచి రిపేరు చేసినా మళ్ళీ అక్కడే చిరుగుతుంది.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. చిరిగిన భాగం కోసేసి అదే మందం రేకు ముక్క అతికించి, పాత చోటే రంధ్రాలు పెట్టడం. చేసేవాడు చేయి తిరిగినవాడైతే బయటికి అస్సలు తెలియదు, అది ఒప్పుకోవాలి. కానీ డోర్ రేకు ఒక మిల్లీమీటర్‌కి అటూ ఇటూగా ఉంటుంది, దాని మీద మామూలు ఆర్క్ రాడ్డు పెడితే చిరుగు పోయి బొక్క మిగులుతుంది, సన్న వైరుతో సీఓటూ వెల్డింగే కావాలి, అది కూడా గీతలా లాక్కుంటూ పోకుండా చుక్క చుక్కగా, మధ్యలో చల్లారనిస్తూ వేయాలి, లేకపోతే వేడికి రేకు అలలు తిరుగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, లోపల వైరింగ్ గానీ కెమెరా గానీ ఉంటే దూరంగా జరపాలి. నాకున్న అసలు అభ్యంతరం ఇంకోటి. వేడికి లోపలి వైపు పెయింటంతా మాడిపోతుంది, అక్కడికి బ్రష్ పోదు, వ్యాక్స్ స్ప్రే ట్యూబు దూర్చి కొట్టకపోతే తుప్పు ఆ వెల్డింగ్ వెనకాల నుంచే మొదలవుతుంది. బయట పెయింట్ ఉబ్బి మనకి కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

ఇంకా పెద్ద విషయం: ఎంత బాగా వెల్డింగ్ చేసినా మీకు మిగిలేది అదే పల్చటి రేకు, అదే చిన్న రంధ్రం. అంటే చిరిగిన డిజైన్‌నే మళ్ళీ కొత్తగా చేయించుకున్నట్టు.

అందుకే నా మొగ్గు లోపల ప్లేటు వైపే. ఇక్కడ తేల్చాల్సింది ఒక్కటే, లాచ్ లాగే బలం ఎంత రేకు మీద పరుచుకుంటోంది అని. వాషర్ కింద పడితే అంగుళం కూడా లేని చోట పడుతుంది, అదే మూడు మిల్లీమీటర్ల ప్లేటు లోపల పట్టినంత పెద్దది కోసి పెడితే చుట్టూ ఉన్న గట్టి రేకు అంతా ఆ బరువు మోస్తుంది. లాచ్ బేస్‌ని అట్ట మీద పెట్టి గీసుకుని, చుట్టూ వీలైనంత మార్జిన్ ఇచ్చి కోయండి. ప్లేటు అంచులూ మూలలూ గ్రైండర్‌తో గుండ్రం చేయడం మర్చిపోవద్దు, పదునైన అంచు రేకు మీద ఆనితే కొత్త పగులు అక్కడే పుడుతుంది. నట్లు ప్లేటుకి వెనక వెల్డింగ్ చేయించుకోండి, చేసేటప్పుడు లోపల బోల్టు తిప్పి ఉంచితే మర పాడవదు. రంధ్రాలు మాత్రం బోల్టుకి సరిగ్గా కాకుండా లాచ్ బేస్ వైపూ రేకు వైపూ కాస్త వదులుగా ఉండాలి, ఎందుకంటే కంపెనీ నట్టు కూడా చాలా బండ్లలో లోపల కేజ్‌లో (నట్టుని పట్టి ఉంచే రేకు గూడులో) కొంచెం కదిలేలానే ఉంటుంది. ఆ కదలిక లేకపోతే తర్వాత లాచ్ అడ్జస్ట్ చేసుకోలేరు, డోర్ పైకెత్తి వేయాల్సి వస్తుంది.

ప్లేటుని లోపలికి పంపడం కష్టం అంటారు. డోర్ లోపలి వైపు కవర్ ఊడదీస్తే చేయి పట్టేంత సందు ఉంటుంది, పట్టకపోతే ప్లేటుకి సన్న వైరు కట్టి బోల్టు రంధ్రంలోంచి బయటికి లాగండి, దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పెట్టేముందు ప్లేటుకీ లోపలి రేకుకీ ప్రైమర్ కొట్టి మధ్యలో సీలెంట్ రాస్తే నీళ్ళు చేరవు. పగులు ఉంటే దాని కొసన మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, అక్కడితో ఆగుతుంది. రంధ్రం మరీ పెద్దదైపోతే బయట కూడా పల్చటి ప్లేటు వేయొచ్చు, కాకపోతే ఆ మందం మేర లాచ్ బయటికి జరుగుతుంది, బాడీ వైపు లాచ్ పట్టుకునే కడ్డీని (స్ట్రైకర్) కూడా అంత జరపాలి.

మరి వెల్డింగ్ అస్సలు వద్దా అంటే, అలా కాదు. పగులు రేకు మడత దాకా పాకినా, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే రేకు పిండిలా రాలిపోతున్నా ప్లేటు పట్టుకోవడానికే ఏమీ ఉండదు, చీకిపోయిన గుడ్డకి కొత్త గుండీ కుట్టినట్టే. అప్పుడు కుళ్ళిన భాగం కోసి వెల్డింగ్ చేయించి, వెనకాల ప్లేటు కూడా పెట్టించండి.

రివెట్ నట్లు, అంటే రేకు రంధ్రంలో దూర్చి నొక్కి బిగించే మర ఉన్న గొట్టం లాంటి నట్లు, వాటి గురించి కూడా అడుగుతున్నారు. ఎం6 (ఆరు మిల్లీమీటర్ల బోల్టు) నట్టుకి తొమ్మిది మిల్లీమీటర్ల, ఎం8కి పదకొండు మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, పైగా పట్టేది సన్న అంచు మాత్రమే. తుప్పు రేకులో కొన్నాళ్ళకి నట్టు బోల్టుతో పాటే గిర్రున తిరుగుతుంది, తర్వాత విప్పడమే నరకం. హ్యాండిల్‌కి ఓకే, లాచ్‌కి వద్దు.

ఎపాక్సీ ముద్ద: ఊడదీసే బలానికి నిలవదు, వదిలేయండి. సెకండ్ హ్యాండ్ డోర్ దొరికితే మంచిదే కానీ అదే మోడల్ అయితే అదే చోట పగులు ఉందేమో చూసుకోండి. పాడైంది బాడీ వైపు స్ట్రైకర్ మౌంట్ అయితే డోర్ మార్చి లాభం లేదు, అక్కడ చాలా బండ్లలో టెయిల్ ల్యాంప్ ఊడదీస్తే లోపలికి దారి ఉంటుంది, ప్లేటు పద్ధతే అక్కడా పనికొస్తుంది.

బిగించేటప్పుడు ముందు బోల్టులు వదులుగా ఉంచి డోర్ మెల్లగా వేసి చూడండి, పైకెత్తకుండా క్లిక్‌మని పడితేనే పూర్తిగా బిగించండి, థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా మరకి రాసే జిగురు) వేసి. బోల్టు తల మీంచి లాచ్ మీదకి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. లోడుతో కొంత తిరిగాక ఆ గీత విరిగి కనిపిస్తే మళ్ళీ బిగించండి, రెండోసారీ విరిగితే బోల్టుని వదిలేసి రబ్బరు స్టాపర్ల సంగతి చూడండి.