ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: పాత సీడీయా, హెచ్‌డీయా, డెఫినిటివ్ ఎడిషనా? ఏది మేలు?

మధ్యయుగ రాజ్యాన్ని కట్టి యుద్ధాలు చేసే కంప్యూటర్ ఆట ఇది. పేరు ఒకటే, ఆటలు మాత్రం మూడు. 1999లో ఏజ్ ఆఫ్ కింగ్స్ వచ్చింది, మరుసటి ఏడాది దానిమీద కాంకరర్స్ ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) వచ్చింది. పాత సీడీ అంటే ఈ రెండూ కలిపి. 2013 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ గేమ్ దుకాణం స్టీమ్‌లోకి హెచ్‌డీ ఎడిషన్ దిగింది. 2019 నవంబర్ 14న డెఫినిటివ్ ఎడిషన్. యూట్యూబ్‌లో బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. తేల్చాల్సింది బొమ్మ కాదు. ఎవరితో ఆడతారు, రోజుకు ఎంత డేటా ఉంది, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత అన్నవే తేలుస్తాయి.

ముందు హెచ్‌డీ సంగతి ముగిద్దాం, దాని గురించి చెప్పాల్సింది తక్కువే. పేరులో హెచ్‌డీ ఉందిగానీ మనుషుల బొమ్మలు, భవనాలు దాదాపు పాతవే. వెడల్పు స్క్రీన్‌కు సరిపోయేలా చేశారు, నీళ్లు, మంటలు కాస్త మార్చారు. లోపల ఇంజిన్ పాత 32 బిట్‌దే. దానికి విడిగా కొన్న ఎక్స్‌పాన్షన్లు ఫర్గాటెన్, ఆఫ్రికన్ కింగ్‌డమ్స్, రైజ్ ఆఫ్ ది రాజాస్‌లోని సివిలైజేషన్లు (ఆడేందుకు ఎంచుకునే జాతులు) అన్నీ డెఫినిటివ్‌ విడుదలైనప్పుడే అందులో కలిసి వచ్చాయి. పైగా హెచ్‌డీలో నలుగురు ఒకే గదిలో కూర్చున్నా స్టీమ్ ద్వారానే కలవాలి, నెట్ లేకుండా కంప్యూటర్లను నేరుగా కలిపే ల్యాన్ లేదు. ఇప్పటికే మీ అకౌంట్‌లో ఉంటే ఆడుకోండి. కొత్తగా డబ్బు పెట్టడం మాత్రం దండగ.

అసలు పోటీ సీడీకి, డెఫినిటివ్‌కు.

సీడీ బలం తేలికదనం. 1999లో పెట్టె మీద రాసిన అవసరం 166 మెగాహెర్ట్జ్ పెంటియమ్, 32 ఎంబీ ర్యామ్. అనంతపురంలో ఏ నెట్ సెంటర్ మూసేసినప్పుడు అమ్మిన పాత డెస్క్‌టాప్ అయినా దానికి ఎక్కువే. చిక్కు మెషీన్‌తో కాదు, విండోస్‌తో వస్తుంది. ఆట 256 రంగుల పద్ధతిలో నడుస్తుంది. విండోస్ 7లో డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ ఆ రంగుల పట్టికను మధ్యలో చెడగొడుతుంది. అందుకే గడ్డి ఎర్రగా, నీళ్లు వంగపండు రంగులో కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు పోయిందని కంగారు పడి షాపుకు మోసుకెళ్లొద్దు. ఆట మొదలుపెట్టే ముందు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి స్క్రీన్ రిజల్యూషన్ కిటికీ తెరిచి అలాగే వదిలేస్తే చాలాసార్లు సరిపోతుంది. కాకపోతే టాస్క్ మేనేజర్‌లో explorer.exe ఆపి, అక్కడే ఫైల్ మెనూలోని న్యూ టాస్క్ నుంచి ఆట తెరవండి. ఆట ముగిశాక అదే దారిలో ఎక్స్‌ప్లోరర్‌ను మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి.

రెండో చిక్కు స్క్రీన్. ఇందులో పెద్ద రిజల్యూషన్ 1280 x 1024. మామూలు ల్యాప్‌టాప్ తెర 1366 x 768 కాబట్టి ఎత్తు చాలదు. 1024 x 768 పెట్టుకుని, గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో స్కేలింగ్‌ను మెయింటైన్ యాస్పెక్ట్ రేషియోకు మార్చండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, కానీ గుర్రాలు సాగదీసినట్టు ఉండవు.

ఇక ల్యాన్. సీడీని ఇప్పటికీ బతికిస్తున్నది ఇదే. హాస్టల్ గదిలో నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక నెట్‌వర్క్ స్విచ్, నాలుగు కేబుళ్లు ఉంటే నెట్ అక్కర్లేదు. స్విచ్ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి డేటా ఆపేసినా నడుస్తుంది, కాకపోతే వైర్‌కు ఉన్న నిలకడ ఉండదు. పాత ఆటలను నెట్‌వర్క్‌లో కలిపే డైరెక్ట్‌ప్లే విండోస్ 10లో మొదట ఆపేసి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్‌కు వెళ్లి, లెగసీ కాంపోనెంట్స్ కింద దాన్ని టిక్ చేయాలి. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వండి. చేతితో తెరవాల్సి వస్తే టీసీపీ 47624, ఆపైన 2300 నుంచి 2400 వరకు పోర్టులు. అందరి దగ్గరా కాంకరర్స్ 1.0సీ ప్యాచ్ ఉండాలి. వెర్షన్లు వేరైతే కలిసి ఆడలేరు. అన్నీ సరిగ్గా ఉన్నా గేమ్ లిస్టులో ఏమీ కనిపించకపోతే, చాలాసార్లు తప్పు వర్చువల్ అడాప్టర్‌ది (సాఫ్ట్‌వేర్ సృష్టించిన ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు). ఇంజినీరింగ్ పిల్లల ల్యాప్‌టాప్‌ల్లో ల్యాబ్ కోసం వేసుకున్న వర్చువల్‌బాక్స్ ఉంటుంది, ఆట దాని చిరునామా పట్టుకుని అక్కడే వెతుకుతుంటుంది. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో నిజమైన అడాప్టర్ ఒక్కటే ఉంచి మిగిలినవి డిజేబుల్ చేయండి.

డెఫినిటివ్ కథ వేరు. ఇది విండోస్ 10, 64 బిట్ అడుగుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 30 జీబీ ఖాళీ కావాలి. 4 జీబీలో దాదాపు సగం విండోసే తినేస్తుంది కాబట్టి 8 ఉంటేనే సుఖం. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌తో 30 జీబీ దింపాలంటే 20 రోజులు పడుతుంది. ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్ ఉచితమే అయినా విడి డౌన్‌లోడ్, దాన్ని ముట్టుకోకండి. పక్క గది మిత్రుడి దగ్గర స్టీమ్ కాపీ ఉంటే ఇంకా మంచిది. స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద లోకల్ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంపుకునే వీలుంది, 2023 నుంచి. ఇద్దరూ ఒకే వైఫైలో ఉండాలి, ఇద్దరూ ఆట కొని ఉండాలి. డేటా దాదాపు ఖర్చు కాదు.

అంత బరువు మోయడానికి తగిన ఫలం ఉందా? ఉంది, అది పొలంలో కనిపిస్తుంది. ఒక పొలానికి 60 కట్టెలు ఖర్చు, 175 ఆహారం ఇచ్చి ఎండిపోతుంది. 1999 ఆటలో ప్రతి పొలాన్నీ వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ విత్తాలి. మీరు యుద్ధంలో ఉంటే రైతు ఊరికే నిలబడి ఉంటాడు. కాంకరర్స్‌లో మిల్లు దగ్గర వరసగా ముందే కట్టెలు చెల్లించి పెట్టవచ్చు. డెఫినిటివ్‌లో ఒక బటన్ నొక్కితే కట్టెలున్నంత కాలం దానికదే విత్తుకుంటుంది. ఆట మొదట్లో మ్యాప్ తిరిగే స్కౌట్‌ను కూడా దానంతట అదే తిరగనివ్వవచ్చు. ఒకేసారి ఎంచుకునే సైనికులు 40 నుంచి 60కి పెరిగారు, జనాభా హద్దు 200 నుంచి 500కు వెళ్లింది. కంప్యూటర్ ప్రత్యర్థి కూడా మారింది. పాత హార్డెస్ట్ స్థాయికి దొంగ వనరులు ఇచ్చేవాళ్లు, కొత్త ఎక్స్‌ట్రీమ్ అలాంటి మోసం లేకుండానే మీ కోటను కూల్చేస్తుంది. పాత 1999 ప్రత్యర్థి కావాలంటే అదీ లోపల ఎంచుకోవచ్చు.

సివిలైజేషన్ల లెక్క చూస్తే ఏజ్ ఆఫ్ కింగ్స్‌లో 13, కాంకరర్స్‌తో 18, డెఫినిటివ్ విడుదలైన నాటికి 35. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చాక పాత ఇండియన్స్ పోయి హిందుస్తానీ, బెంగాలీ, గుర్జర, ద్రావిడ అని నాలుగయ్యాయి. మొదటిది అందరికీ ఉంటుంది, మిగిలిన మూడింటికి డబ్బు కట్టాలి. ఈ నాలుగింటికీ నైట్ (Knight) గుర్రపుదళం లేదు, అలవాటుపడ్డవాళ్లు గమనించాలి. ద్రావిడ సైనికులు మాట్లాడేది తమిళం. గండికోట, పెనుకొండ చూసి పెరిగినవాళ్లకు అది కాస్త చివుక్కుమంటుంది. మెనూలకు హిందీ ఉంది, తెలుగు లేదు.

డెఫినిటివ్ బలహీనత మళ్లీ నెట్టే. గదిలో నలుగురూ పక్కపక్కనే ఉన్నా అందరూ లాగిన్ కావాలి, ఎవరి కాపీ వాళ్లదే. ఒంటరిగా ఆడేవాళ్లకు స్టీమ్ ఆఫ్‌లైన్ మోడ్ చాలు. ఇంకొకటి: ఈ ఆటలో అన్ని కంప్యూటర్లూ అడుగు కలిపి నడవాలి, కాబట్టి అందరిలో నిదానమైన ల్యాప్‌టాప్ ఎంత వేగంగా పరిగెత్తితే మిగతావాళ్లదీ అంతే వేగం. ర్యాంక్‌డ్ (ర్యాంకు కోసం ఆన్‌లైన్‌లో ఆడే) ఆటకు ముందే అందుకే మెషీన్ వేగం కొలిచే ఒక బెంచ్‌మార్క్ పెడతారు, 1000 స్కోరు రావాలి. రాకపోతే నీడలు, యానిమేషన్లు తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. మామూలు హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే లోడింగ్ తగ్గుతుందిగానీ స్కోరు పెద్దగా మారదు.

కర్నూలు, కడపల్లో ఒంటరిగా ఆడేవాళ్లు, 8 జీబీ ల్యాప్‌టాప్, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని డెఫినిటివ్ తీసుకోండి. కొనే ముందు ఒక నెల పీసీ గేమ్ పాస్‌లో (నెలవారీ చందా) ఆడి చూడొచ్చు, స్టీమ్ వాళ్లతో కలిసి ఆడేందుకూ అడ్డు లేదు. నలుగురిలో ఇద్దరి దగ్గర 4 జీబీ మెషీన్లుండి, నెట్ ఫోన్‌దే అయితే పాత సీడీ పెట్టుకోండి. డెస్క్‌టాప్‌లో సీడీ ఆడేవాళ్లకు ఒక్క మాట: డెఫినిటివ్ మధ్యమధ్యలో తనే సేవ్ చేసుకుంటుంది, పాతది చేయదు. ఎండాకాలం కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ లేకపోతే ప్రతి యుగం మారగానే మెనూ తెరిచి సేవ్ కొట్టండి.