పెట్రోల్ కారా, హైబ్రిడ్ కారా?

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే తేడా తెలిసిపోతుంది. పెట్రోల్ కారు కదలకపోయినా ఏసీ కోసం ఇంజిన్ తిరుగుతూ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, కారును సొంతంగా కదిలించగల కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజిన్ ఆగిపోయి, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. చార్జి తగ్గితేనే ఇంజిన్ మళ్లీ అందుకుంటుంది. గ్రీన్ పడగానే చప్పుడు లేకుండా మోటారుతో కదులుతుంది. బ్రేకు నొక్కినప్పుడు వృథాగా పోయే శక్తి కరెంటై బ్యాటరీలోకి చేరుతుంది. ప్లగ్గు పెట్టే పనే లేదు. అపార్ట్‌మెంటు సెల్లారులో చార్జింగ్ పాయింటు లేనివాళ్లకి ఇదెంత ఊరటో!

మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పిన మైలేజి లీటరుకు 27.97 కిలోమీటర్లు, పెట్రోల్ మాన్యువల్‌కి 21 చిల్లర.

ధర మాత్రం హైబ్రిడ్‌కి లక్షల్లో ఎక్కువ. ఎప్పుడూ హైదరాబాద్ హైవే మీదే తిరిగేవాళ్లకి పెట్రోల్ కారు చాలు. రోజూ ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు ట్రాఫిక్‌లో నలిగేవాళ్లని మాత్రం హైబ్రిడ్డే కొనమంటాను.